వెలసి, వెలవెలబోయి, మళ్ళీ వెలిగే బీచ్ పట్టణాలు

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్‌కు లండన్ నుంచి రైలు 1841లో వచ్చింది. అప్పటిదాకా అది రాచకుటుంబపు ఊరు. తర్వాతి కాలంలో నాలుగో జార్జిగా గద్దెనెక్కిన యువరాజు 1783లో తొలిసారి అక్కడికి వచ్చాడు. ఊరి మీద మనసు పారేసుకుని, చివరికి ఉబ్బెత్తు గుమ్మటాలతో ఒక విలాస భవనమే కట్టించుకున్నాడు. ఆయన వెనకే దొరలు, దొరల వెనకే వైద్యులు, నాట్యశాలలు, జూదశాలలు వచ్చి చేరాయి. రైలు పడ్డాక టికెట్టు కొనుక్కోగలిగిన ప్రతివాళ్ళూ ఒక్క పూటకైనా దిగిపోవడం మొదలుపెట్టారు. విక్టోరియా రాణికి ఇది గిట్టలేదు. బయట అడుగు పెడితే చాలు, జనం మూగుతున్నారు. 1845 తర్వాత ఆవిడ అక్కడ బస చేయలేదు. వైట్ దీవిలో జనం తొంగిచూడలేని ఎస్టేటు ఒకటి కొనుక్కున్నారు. బ్రైటన్ భవనాన్ని 1850లో ఆ ఊరికే అమ్మేశారు.

ఇంతకీ బ్రైటన్ అప్పుడు పడిపోయినట్టా, లేచినట్టా? రాణిగారి లెక్కలో ఆ ఊరి పని అయిపోయింది. గదులు అద్దెకిచ్చేవాళ్ళ లెక్కలో అసలు వ్యాపారం అప్పుడే మొదలైంది. బీచ్ పట్టణాల ఎదుగుదల గురించో, పతనం గురించో ఎవరేం చెప్పినా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఎవరి లెక్కలో?

ఈ విషయం మాట్లాడేవాళ్ళందరూ ఎత్తుకునే పేరు రిచర్డ్ బట్లర్. కెనడాలో పాఠాలు చెబుతుండిన ఈ భూగోళ శాస్త్రవేత్త 1980లో ఒక చిన్న వ్యాసం రాసి, అందులో ఒక గీత గీశాడు. అడ్డంగా కాలం, నిలువుగా పర్యాటకుల సంఖ్య. గీత మొదట నేలబారుగా సాగుతుంది: దారి సరిగ్గా లేని తీరాన్ని వెతుక్కుంటూ వచ్చే కొద్దిమంది తప్ప ఎవరూ ఉండరు. తర్వాత స్థానికులే నాలుగు గదులు ఖాళీ చేసి అద్దెకివ్వడం, వచ్చినవాళ్ళకు వండిపెట్టడం మొదలవుతుంది. ఆపైన బయటి పెట్టుబడి దిగుతుంది, ప్రకటనలు, పెద్ద హోటళ్ళు వస్తాయి, సీజన్లో ఊరివాళ్ళ కన్నా వచ్చినవాళ్ళే ఎక్కువవుతారు. గీత నిటారుగా లేస్తుంది. కొన్నాళ్ళకు ఆ వేగం తగ్గుతుంది, ఊరు బతుకంతా పర్యాటకం మీదే ఆధారపడిపోతుంది, చివరికి ఎదుగుదల ఆగిపోతుంది. పేరు అందరికీ తెలుసు, కానీ వెళ్ళొచ్చానని చెప్పుకుంటే గొప్పగా ఉండదు. అక్కడి నుంచి గీత చీలుతుంది. కిందికి జారొచ్చు, నిలకడగా ఉండొచ్చు, ఏదో ఒక ఊతం దొరికి మళ్ళీ లేవొచ్చు.

ఇది బట్లర్ గాల్లోంచి తీసింది కాదు. ఒక సరుకు మార్కెట్లోకి వచ్చి, జోరుగా అమ్ముడై, పాతబడి మూలపడే క్రమాన్ని వ్యాపారశాస్త్రం అప్పటికే గీసి పెట్టుకుంది. ఆయన దాన్ని ఊళ్ళకు తొడిగాడు. అందులోని బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి. అమ్ముడుపోని సరుకును కంపెనీ తయారుచేయడం మానేస్తుంది, ఫ్యాక్టరీని మరోదానికి వాడుకుంటుంది. ఊరిని ఎవరూ ఆపేయలేరు. ఒక తరం పర్యాటకుల కోసం కట్టిన గదులు, ఆ గదుల మీద చేసిన అప్పులు, ఆ గదులు ఊడ్చి బతికే కుటుంబాలు, అన్నీ అక్కడే ఉండిపోతాయి. జనం మాత్రం మరో తీరానికి వెళ్ళిపోతారు. నా దృష్టిలో బీచ్ పట్టణాల కథంతా ఆ గదుల కథ. సముద్రం పాత్ర అందులో మనం అనుకునేదానికన్నా తక్కువ.

మొదట్లో సముద్రం మందు. 18వ శతాబ్దం మధ్యలో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు గ్రంథుల జబ్బులకు సముద్రపు నీళ్ళలో మునగాలనీ, ఆ నీళ్ళు తాగాలనీ రాసి, బ్రైటన్లోనే వైద్యం పెట్టాడు. చలి వేస్తేనే మందు పనిచేస్తుందని నమ్మిన కాలం అది. ఎండ కోసం ఎవరూ రాలేదు. గుర్రం లాక్కెళ్ళే చక్రాల గదిలో బట్టలు మార్చుకుని, మరొకరు పట్టుకుని ముంచితే మునిగి లేచేవారు. మందు పేరుతో వచ్చినవాళ్ళు సరదా కోసం ఉండిపోయారు, అంతే.

అసలు మలుపు మరమగ్గాల ఊళ్ళ నుంచి వచ్చింది. ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతమైన లాంకషైర్‌లో నూలుమిల్లులున్న ప్రతి ఊరూ ఏడాదికో వారం మొత్తంగా మూతపడేది. బాయిలర్లు చల్లార్చి మరమ్మతు చేసుకునే వారం అది. ఊరికి ఊరు ఒకే రైలెక్కి 1846లో రైలుమార్గం పడిన అక్కడి తీరపట్టణం బ్లాక్‌పూల్‌కు చేరేది. ఆ వారానికి జీతం లేదు. ఏడాది పొడవునా పొదుపు సంఘాల్లో కూడబెట్టుకున్న డబ్బే ఖర్చుకు. ఇక్కడో చిన్న విషయం ఉంది, పైకి పెద్దగా కనబడదు గానీ బ్లాక్‌పూల్ అదృష్టమంతా అందులోనే ఉంది. ఒక్కో ఊరి సెలవు వారం ఒక్కోటి. ఈ వారం ఒక ఊరు, వచ్చే వారం మరో ఊరు. దాంతో సీజన్ మూడు వారాల హడావుడిగా కాకుండా వేసవి పొడవునా సాగింది, గదులు వరసగా నిండాయి. ఊరి మునిసిపాలిటీ కూడా తక్కువ తినలేదు. సొంత ఊరి ప్రచారానికి ఇంటిపన్నులో కొంత ఖర్చు పెట్టుకునే హక్కును 1879లో చట్టం ద్వారా సంపాదించింది. అదే ఏడాది సముద్రం ఒడ్డున విద్యుద్దీపాలు, 1885లో కరెంటు ట్రాము, 1894లో ఉక్కు టవరు వచ్చాయి.

ఆ గది ఎలా ఉండేదో ఒకసారి లోపలికి వెళ్ళి చూద్దాం. మూడు నాలుగు అంతస్తుల ఇరుకు ఇల్లు, పక్కింటితో గోడ కలిసినది. నడిపేది దాదాపు ఎప్పుడూ ఒక ఆడమనిషి. చాలా ఇళ్ళలో అతిథులే బజారుకెళ్ళి మాంసం, కూరలు తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఆవిడ ఎవరి సరుకు వాళ్ళకు విడివిడిగా వండి, విడివిడిగా వడ్డించేది. అద్దె పడకకు. వంటకు, వేడినీళ్ళకు వేరే లెక్క. బల్ల మీద పెట్టే ఉప్పు, మిరియాల డబ్బాలకు కూడా చార్జీ వేసేవాళ్ళని అప్పటి జోకుల్లో తరచూ వినబడుతుంది. స్నానాల గది ఉంటే ఇంటికంతటికీ ఒకటి. రోజంతా మిల్లులో చెవులు చిల్లులు పడే చప్పుడు మధ్య నిలబడే మనిషికి ఇది స్వర్గమే.

1938లో బ్రిటన్ జీతంతో కూడిన సెలవుల చట్టం తెచ్చింది. యుద్ధం ముగిశాక ఆ సెలవులు ఈ గదుల్ని కిటకిటలాడించాయి. బ్లాక్‌పూల్ మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉన్న ఆ కాలంలోనే, 1950లో, వ్లాదిమిర్ రైట్జ్ అనే యువకుడు ఒక పాత డకోటా విమానంలో కొందరిని ఎక్కించుకుని కోర్సికా దీవిలోని కాల్వికి తీసుకెళ్ళాడు. విమానం, భోజనం, బస అన్నీ కలిపి 32 పౌండ్ల 10 షిల్లింగులు. బస సైన్యం వాడి వదిలేసిన గుడారాల్లో. ఆధునిక ప్యాకేజీ టూర్ అలా పుట్టింది. పదేళ్ళు తిరిగేసరికి స్పెయిన్ తన కరెన్సీ విలువ తగ్గించుకుంది, జెట్ విమానాలొచ్చాయి, మధ్యధరా తీరం ఉత్తర ఐరోపా కార్మికుడికి అందుబాటులోకి వచ్చేసింది.

ఎండ కోసం జనం స్పెయిన్ వెళ్ళిపోయారు, బ్లాక్‌పూల్ చచ్చిపోయింది అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. సగమే నిజం. ఎండ స్పెయిన్లో ఎప్పుడూ ఉంది. స్పెయిన్లో కొత్తగా వచ్చింది గదికో బాత్రూము, బాల్కనీ, కింద ఈతకొలను. బ్లాక్‌పూల్ ఇంట్లో ప్రతి గదికీ బాత్రూము కట్టాలంటే మూడు గదులు పడగొట్టి రెండు చేయాలి, అంటే ఆదాయం తగ్గించుకోవడానికి అప్పు చేయాలి. ఏ బ్యాంకు ఇస్తుంది? ఇళ్ళు వేల సంఖ్యలో ఉన్నాయి, యజమానులూ అంతమందే. ఒకరు బాగుచేసుకున్నా పక్క ఇల్లు పెచ్చులూడుతుంటే వచ్చేవాళ్ళు రారు. అందువల్ల ఎవరికి వారు మరొకరు ముందు చేస్తారేమోనని చూస్తూ కూర్చోవడం తెలివైన పనే అయింది. ఊరికి మాత్రం అదే ఉరి అయింది.

తర్వాత జరిగింది బట్లర్ గీతలో కనబడదు. ఆ గదులు ఖాళీగా లేవు. ఈగలు తోలుకుంటూ కూర్చోవడం ఇష్టంలేని యజమానులు వాటిని నెలవారీ అద్దెకిచ్చేశారు. అద్దె కట్టలేనివాళ్ళకు బ్రిటన్ ప్రభుత్వం గృహ భృతి ఇస్తుంది. అది చలికాలంలో కూడా ఆగకుండా వచ్చే డబ్బు. పర్యాటకుడి కన్నా నమ్మకమైన బేరం. దాంతో ఉపాధి పోయినవాళ్ళు, ఒంటరివాళ్ళు, ఆరోగ్యం చెడినవాళ్ళు చౌక గది వెతుక్కుంటూ ఇతర ఊళ్ళ నుంచి అక్కడికి చేరారు. దేశంలో అత్యంత వెనుకబడిన ప్రాంతాల ప్రభుత్వ జాబితా 2019లో వెలువడితే, బ్లాక్‌పూల్‌లోని పలు వాడలు పై వరసలో నిలిచాయి. ఊరికి ఏటా లక్షలమంది యాత్రికులు వస్తూనే ఉన్నారు. ఎక్కువమంది పగలు వచ్చి సాయంత్రం వెళ్ళిపోతారు. తల లెక్కిస్తే ఊరు బతికే ఉంది. పడకలు లెక్కిస్తే వేరే ఊరు.

స్పెయిన్ కథ మరో రకం. అక్కడ గదులకు డబ్బు పెట్టింది చాలావరకు వాటిని అమ్మిపెట్టే విదేశీ టూర్ కంపెనీలే. 1960లలో మయోర్కా దీవిలో హోటలు కట్టాలనుకున్న స్థానికుడికి జర్మన్ లేదా బ్రిటిష్ కంపెనీ ముందస్తుగా సొమ్ము ఇచ్చేది. బదులుగా రాబోయే కొన్ని సీజన్ల గదులన్నీ ఆ కంపెనీకే, అదీ ముందే తేల్చుకున్న తక్కువ ధరకు. గదులు నిండుతాయన్న భరోసా దొరికింది గానీ ధర పెంచే హక్కు పోయింది. తీరా పరుపులు మార్చాల్సిన, పైపులు మార్చాల్సిన రోజు వచ్చేసరికి చేతిలో మిగులు లేదు. ధర పెంచుతానంటే కంపెనీ తన విమానాన్ని టర్కీకో ట్యునీషియాకో మళ్ళిస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. స్తబ్దత అనే పెద్దమాట వెనక చాలాసార్లు ఉండేది ఇలాంటి ఒప్పంద పత్రమే.

ఊరివాళ్ళ మనసు సంగతికి వస్తే, డాక్సీ అనే పరిశోధకుడు 1975లోనే ఒక వరస చెప్పాడు: మొదట సంబరం, తర్వాత పట్టనితనం, ఆ తర్వాత చిరాకు, చివరికి శత్రుత్వం. చక్కగా ఉంది గానీ, ఒకే ఊళ్ళో ఒకే రోజున ఇల్లు అద్దెకిచ్చుకునేవాడు సంబరంలో, ఇల్లు దొరకనివాడు శత్రుత్వంలో ఉంటారు. 2024 వేసవిలో మయోర్కా రాజధాని పాల్మా వీధుల్లోకి వేలమంది వచ్చింది పర్యాటకుల మొహం చూడలేక కాదు. అద్దెలు కొండెక్కి కూర్చున్నందుకు.

సముద్రం పాత్ర తక్కువ అన్నాను. ఒక మినహాయింపు చెప్పాలి. మెక్సికోలోని కాంకున్ ఎవరో అన్వేషించగా వెలసిన ఊరు కాదు. దేశానికి డాలర్లు కావాలని ఆ దేశపు కేంద్ర బ్యాంకు స్థలం ఎంపిక చేసి 1970లో పని మొదలుపెట్టించింది. నాలుగేళ్ళలో మొదటి హోటళ్ళు తెరుచుకున్నాయి. బట్లర్ చెప్పిన మొదటి రెండు దశలూ అక్కడ జరగనేలేదు. హోటళ్ళను నిలబెట్టింది సముద్రానికీ మడుగుకూ మధ్య ఉన్న సన్నని ఇసుక పట్టీ మీద. తుఫాను వచ్చినప్పుడు అలలు లాక్కెళ్ళిన ఇసుకను తిరిగి నింపేవి వెనకనున్న ఇసుక దిబ్బలు. దిబ్బల చోట ఇప్పుడు పునాదులున్నాయి. 2005లో విల్మా తుఫాను వచ్చి వెళ్ళాక కొన్ని హోటళ్ళ ముందు రాయి తేలింది, బీచ్ లేదు. సముద్రగర్భం నుంచి ఇసుక తోడి పోశారు. కొన్నేళ్ళకే అది కొట్టుకుపోతే మళ్ళీ పోశారు. గది ఎక్కడ కట్టారన్నదే ఇక్కడ కూడా అసలు విషయం అనుకుంటే, ఇది పూర్తిగా మినహాయింపు కూడా కాదేమో.

ఇక లేవడం సంగతి. బట్లర్ 1980లో ఉదాహరణగా చూపింది అమెరికాలోని అట్లాంటిక్ సిటీని. 1854లో రైలుతో పుట్టి, 1870లో సముద్రం ఒడ్డున చెక్కల నడకదారి వేసుకుని, ఒక కాలంలో తూర్పు తీరానికే రాణిగా వెలిగిన ఊరు. 1964లో డెమొక్రటిక్ పార్టీ జాతీయ సమావేశం అక్కడ జరిగితే దేశమంతటి నుంచీ వచ్చిన విలేకరులు శిథిల హోటళ్ళను చూసి ముక్కున వేలేసుకున్నారు. 1976లో ఆ ఊరున్న న్యూజెర్సీ రాష్ట్రపు ఓటర్లు ఆ ఒక్క ఊళ్ళో జూదశాలలకు అనుమతిచ్చారు. 1978లో మొదటిది తెరుచుకుంది. 1980ల చివరికి ఏటా 3 కోట్లకు పైగా జనం వచ్చారు. గీత ప్రకారం ఇంతకు మించిన పునరుద్ధరణ ఉండదు. కానీ అప్పటి చట్టం ప్రకారం కాసినో (జూదశాల) పెట్టాలంటే కనీసం 500 గదుల హోటలు ఉండాలి. అంత పెద్ద భవనంలోకి బస్సు నేరుగా దించుతుంది, తిండి, ఆట, నిద్ర అన్నీ లోపలే. వచ్చినవాడు వీధిలోకి రావాల్సిన పనే లేదు. నడకదారికి రెండు వీధుల అవతల ఇళ్ళు చెక్కలు కొట్టి మూసి ఉండేవి, ఊరి జనాభా తగ్గుతూనే పోయింది.

పైగా ఆ ఊతం సొంతం కాదు, అరువు. పక్క రాష్ట్రాలు జూదాన్ని నిషేధించినంత కాలమే ఆ వ్యాపారం. 2006లో కాసినోల ఆదాయం 500 కోట్ల డాలర్లు దాటింది. అదే ఏడాది చివర్లో పొరుగున ఉన్న పెన్సిల్వేనియాలో కాసినో తెరిచారు. ఎనిమిదేళ్ళలో ఆదాయం ఇంచుమించు సగమైంది. 2014 ఒక్క ఏడాదిలో నాలుగు కాసినోలు మూతపడ్డాయి. వాటిలో రెవెల్ అనేది దాదాపు 240 కోట్ల డాలర్లు పోసి కట్టి, తెరిచి అప్పటికి రెండేళ్ళు. 2016లో ఊరి పాలనను రాష్ట్ర ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంది. చట్టం ఇచ్చిన ప్రత్యేకతను మరో చట్టం తీసేసుకోగలదని ఎవరికీ తెలియక కాదు. వచ్చినన్నాళ్ళు దండుకుందామనుకున్నారు.

అమెరికాలోనే, ఫ్లోరిడా తీరంలోని మయామి బీచ్‌లో ఎవరూ పెద్ద పథకం వేయలేదు. 1930లలో కట్టిన రెండు మూడంతస్తుల చిన్న హోటళ్ళు 1970లకు ముసలివాళ్ళు నెల అద్దెకుండే చౌక బసలయ్యాయి. అవి కూల్చి ఎత్తుగా కడదామన్నవాళ్ళకు, ఆ వంపుల గోడలే సంపద అన్న కొందరు అడ్డుపడ్డారు. 1979లో ఆ వాడ మొత్తం జాతీయ చారిత్రక ప్రదేశాల జాబితాలోకి ఎక్కింది. రంగులు వేశాక అవే గదులు ఫ్యాషన్ పత్రికల ముఖచిత్రాలయ్యాయి. పాత గది అప్పటిదాకా లోపం, ఇప్పుడు అలంకారం. పింఛను మీద బతికే ఆ వృద్ధులు మాత్రం ఖాళీ చేసి వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లోని మార్గేట్ కథ కూడా దీనికి దగ్గరే. 2009లో లండన్ నుంచి వేగంగా వెళ్ళే రైళ్ళు, 2011లో చిత్రకారుడు టర్నర్ పేరిట కళామందిరం వచ్చాయి. రాజధాని నుంచి కళాకారులు దిగారు, ఇళ్ళ ధరలు లేచాయి, ఊళ్ళో పుట్టిన కుర్రవాడికి ఊళ్ళో ఇల్లు అందకుండా పోయింది.

నాకు ఎక్కువ నచ్చిన ప్రయత్నం మయోర్కాలోని కల్వియా పురపాలక సంఘానిది. మగలుఫ్ బీచ్ దాని పరిధిలోనిదే. 1990లలో వాళ్ళు పాత హోటళ్ళను కొని, పేలుడు పదార్థాలు పెట్టి కూల్చి, ఆ స్థలాల్లో ఏమీ కట్టలేదు. నడకదారులు, చెట్లు వేశారు. గదులు తగ్గించడమే అభివృద్ధి అని ఒక పర్యాటక పట్టణం ఒప్పుకోవడం మామూలు విషయం కాదు. తర్వాత 1999లో కొత్త పడక కావాలంటే పాతది ఒకటి తొలగించాలన్న నియమం మయోర్కా ఉన్న బలియారిక్ దీవులన్నిటికీ వచ్చింది. అంతా బాగైపోయిందా అంటే, లేదు. మగలుఫ్ తాగుబోతు యువకుల అడ్డాగానే పేరు తెచ్చుకుని, 2020లో బార్ల మీద ప్రత్యేక ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. చౌక గదులు మిగిలి ఉన్నంతకాలం చౌక బేరం వస్తూనే ఉంటుంది.

ఫిలిప్పీన్స్ ఇంకా మొరటు మందు వేసింది. 2017లో 20 లక్షలమందికి పైగా వెళ్ళిన బోరకే దీవిలో హోటళ్ళ మురుగు నేరుగా సముద్రంలోకి పోతోందని, 2018 ఏప్రిల్లో దీవిని ఆరు నెలలు మూసేసింది. మురుగు గొట్టాలు సరిచేసి, తీరానికి మరీ దగ్గరగా ఉన్న కట్టడాలు తీయించి, దీవిలో ఒకేసారి ఉండగల పర్యాటకుల సంఖ్యను సుమారు 19 వేలకు కట్టడి చేసి తెరిచారు. నీళ్ళు బాగుపడ్డాయి. ఆ ఆరు నెలలూ కూలి లేక వేలమంది కార్మికులు దీవి విడిచి వెళ్ళారు.

చివరిగా, అందరూ వెక్కిరించే ఊరు. స్పెయిన్లోని బెనిడార్మ్ ఆకాశహర్మ్యాల అడవి, చౌక టూర్లకు మారుపేరు. లెక్క ప్రకారం ఎప్పుడో పడిపోయి ఉండాలి. 1956లో మేయర్ పెద్రో సరగోసా హయాంలో ఊరికి ఒక ప్రణాళిక వేశారు. 1963లో ఎత్తు మీద పరిమితి ఎత్తేశారు. అయితే ఎంత ఎత్తు కట్టినా చుట్టూ ఖాళీ స్థలం వదలాలి. దాంతో ఒక్కో భవనం విడిగా నిలబడింది. పక్కదానితో పనిలేకుండా బాగుచేయొచ్చు, పడగొట్టొచ్చు. బ్లాక్‌పూల్ గోడలకు లేని స్వేచ్ఛ ఇది. గదులన్నీ బీచ్‌కు నడిచే దూరంలో ఉన్నాయి, పచ్చికబయళ్ళ విల్లాలతో పోలిస్తే నీటి ఖర్చు తక్కువ, చాలా హోటళ్ళు ఆ ప్రాంతపు కుటుంబాల చేతుల్లోనే ఉన్నాయి. అన్నిటికీ మించి చలికాలం: 1985లో స్పెయిన్ ప్రభుత్వం పింఛనుదార్లకు సబ్సిడీతో సెలవు యాత్రలు మొదలుపెట్టింది. దాంతో ఇతర తీరాలు తాళాలు వేసుకునే జనవరిలో బెనిడార్మ్ హోటళ్ళలో వృద్ధుల డాన్సులు నడుస్తాయి. సిబ్బందిని తీసేయాల్సిన పని లేదు, గదికి తుప్పు పట్టే తీరిక లేదు. ఆ పథకం కింద ప్రభుత్వం ఒక్కో మనిషికి రోజుకిచ్చే సొమ్ము తమ ఖర్చుకే చాలడం లేదని హోటళ్ళవాళ్ళు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. ఈ మధ్య కొందరు తప్పుకున్నారు కూడా. మిగతావాళ్ళు ఖాళీ గది కన్నా నష్టపు గదే నయమని సంతకం పెడుతున్నారు.